డిర్క్: ఏడుగురు ప్రభువుల పేరు సూపర్‌మార్కెట్ బోర్డు దాకా ఎలా వచ్చింది

డిర్క్ అనే డచ్ పేరుకి అర్థం ఏమిటని వెతికితే ఎక్కడైనా ఒకటే జవాబు దొరుకుతుంది: 'ప్రజల పాలకుడు'. తప్పేం కాదు. కానీ ఈ జవాబుతో పేరు గురించి తెలిసేది చాలా తక్కువ. వెయ్యేళ్ళుగా నెదర్లాండ్స్‌లో ఈ పేరు పెట్టుకున్నవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మంది చేపలు పట్టేవాళ్ళు, పాలు అమ్మేవాళ్ళు, ఓడల్లో పనిచేసేవాళ్ళు, రైతులు. వాళ్ళెవరూ ఎవర్నీ పాలించలేదు, వాళ్ళ తల్లిదండ్రులకి కొడుకు ఎవర్నో పాలించాలన్న ఆశ ఉండి ఈ పేరు పెట్టారనుకోవడానికీ లేదు. మరి ఈ పేరు ఇన్నేళ్ళు ఎలా నిలబడింది అంటే, దాని అర్థం వల్ల కాదు, అది ఎవరి పేరో దాని వల్ల. ముందు ఓ మహారాజు, తర్వాత ఓ చిన్న సంస్థానపు ప్రభువుల వంశం, ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ ఒక తాత.

సరే, అర్థం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అందులోనూ చూడాల్సింది కొంత ఉంది.

డిర్క్ అనేది కుదించిన రూపం. పూర్తి పేరు డీడరిక్. ఇంకా వెనక్కి వెళ్తే పాత జర్మానిక్ భాషల్లో, అంటే జర్మన్, డచ్, ఇంగ్లీషుల కుటుంబంలో, రెండు ముక్కలు కలిపి కట్టిన పేరు ఇది. మొదటి ముక్క 'థెఉదో', అంటే జనం, జాతి. రెండోది 'రీక్స్', అంటే రాజు, అధికారం ఉన్నవాడు. మొదటి ముక్క పాత డచ్చిలో 'డీట్' అనే మాటగా చాలాకాలం బతికింది, జనం అనే అర్థంలోనే. ఇప్పుడు ఆ మాట వాడుకలో లేదు. కానీ దాన్నుంచి పుట్టిన విశేషణం మాత్రం ఎక్కడపడితే అక్కడ ఉంది. లాటిన్‌లో కాకుండా మామూలు జనం మాట్లాడే భాషని 'జనభాష' అని పిలవడానికి ఆ విశేషణం వాడేవాళ్ళు. జర్మన్లు తమ భాషని 'డాయిచ్' అంటారే, అది అదే. ఇంగ్లీషువాళ్ళు నెదర్లాండ్స్ వాళ్ళని 'డచ్' అంటారే, అదీ అదే. నెదర్లాండ్స్ జాతీయగీతం మొదటి చరణంలో డచ్ తిరుగుబాటు నాయకుడు విలియం తాను 'డౌట్స్' రక్తం వాడినని చెప్పుకుంటాడు, ఈనాటి డచ్ పిల్లలకి అది 'జర్మన్ రక్తం' అన్నట్టు వినిపించి అయోమయంగా ఉంటుంది కానీ ఆ పాట పుట్టిన పదహారో శతాబ్దంలో ఆ మాటకి ఇప్పుడున్నంత ఇరుకు అర్థం లేదు. అంటే డిర్క్ అనే పేరులో మొదటి సగం, డచ్ అనే మాట, రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. డచ్ పేర్లలో ఇంతకన్నా డచ్ పేరు దొరకడం కష్టం.

రెండో ముక్క తెలుగువాళ్ళకి ఇంకా దగ్గర. లాటిన్ 'రెక్స్', సంస్కృతం 'రాజన్' ఏ కుటుంబం నుంచి వచ్చాయో ఈ 'రీక్స్' కూడా అక్కడి నుంచే. ఇక్కడ ఒక తమాషా ఉంది. జర్మానిక్ భాషలకి ఈ మాట సొంతంగా రాలేదు, పక్కన ఉన్న కెల్టిక్ జనం దగ్గర అరువు తెచ్చుకున్నారని భాషాశాస్త్రజ్ఞుల లెక్క, అందులోని అచ్చుని బట్టి అది తెలుస్తుంది. తెలుగు 'రాజు' కూడా సంస్కృతం దగ్గర అరువే. కాబట్టి డిర్క్‌లోని చివరి క్‌కీ, మన ఊళ్ళో రామరాజు పేరు చివరి రాజుకీ చుట్టరికం ఉంది, ఇద్దరూ పెంపుడు సంతానమే అయినా. హెండ్రిక్, ఫ్రెడరిక్ లాంటి పేర్ల చివరా ఉన్నది ఇదే.

ఇంతవరకు చూస్తే 'ప్రజల పాలకుడు' అనే అర్థం బలంగానే కనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, జర్మానిక్ పేర్లు ఒక వాక్యంలాగానో సమాసంలాగానో అర్థం చేసుకోవడానికి కట్టినవి కావు. యుద్ధం, శాంతి, కీర్తి, తోడేలు, ఈటె, జనం, రాజు, ఇలాంటి మాటలు చాలా ఉండేవి, వాటిల్లోంచి రెండు తీసి జోడించేవాళ్ళు. జోడించేటప్పుడు చూసింది అర్థం కాదు, చుట్టరికం. తండ్రి పేరులో ఒక ముక్క, తల్లి వైపు నుంచో పినతండ్రి వైపు నుంచో ఇంకో ముక్క. అందుకే 'హిల్డెఫ్రిడ్' లాంటి పేర్లు కనిపిస్తాయి, అందులో మొదటి ముక్కకి యుద్ధం అని, రెండో ముక్కకి శాంతి అని అర్థం. 'ఫ్రెడెగుండ్' అనే రాణి పేరులో మళ్ళీ అదే తిరగేసి, శాంతి ముందు, యుద్ధం వెనక. యుద్ధశాంతి అంటే ఏమిటని ఆ కాలంలో ఎవరైనా అడిగి ఉంటే నవ్వేవాళ్ళు. పేర్ల అర్థాలు చెప్పే పుస్తకాలు ఈ ఒక్క విషయం దాటేసి ముందుకు పోతాయి, అందుకే వాటిల్లో ప్రతి జర్మానిక్ పేరూ ఏదో బిరుదులా ధ్వనిస్తుంది.

ఈ పేరుని ఐరోపా అంతా మోసుకుపోయినవాడు థియోడోరిక్, ఆస్ట్రోగోత్‌లు అనే జర్మానిక్ జాతికి రాజు. 493 నుంచి 526లో చనిపోయేదాకా ఇటలీని ఏలాడు. అతని సమాధి మందిరం రావెన్నాలో ఇప్పటికీ ఉంది, పైకప్పు మొత్తం ఒకే రాయి. అతని తండ్రి పేరు థియుదిమిర్. చూడండి, తండ్రి పేరులో మొదటి ముక్క 'థియుద', కొడుకు పేరులో మొదటి ముక్కా అదే. పెదనాన్న వాలమిర్, చిన్నాన్న విదిమిర్, అన్నదమ్ములు ముగ్గురికీ చివరి ముక్క ఒకటే. ఇదీ లెక్క. కొడుక్కి థియోడోరిక్ అని పెట్టినప్పుడు తండ్రి అనుకుంది 'వీడు ప్రజల్ని ఏలాలి' అని కంటే 'వీడు నా కొడుకు' అనే ఎక్కువ. నిజంగా అతను ఏలాడు, అది వేరే సంగతి.

థియోడోరిక్ చనిపోయాక అతని చుట్టూ కథలు అల్లుకున్నాయి. జర్మన్ భాషా ప్రాంతాల్లో అతను 'డీట్రిచ్ ఫాన్ బెర్న్' అనే జానపద వీరుడయ్యాడు, ఆ బెర్న్ స్విట్జర్లాండ్‌లో ఉన్నది కాదు, ఇటలీలోని వెరోనాకి పాత జర్మన్ పేరు. రాక్షసులతో, మరుగుజ్జు రాజులతో అతను చేసిన పోరాటాలు శతాబ్దాల తరబడి పాడుకున్నారు. అసలు రాజుకీ ఈ వీరుడికీ పోలిక అంతంత మాత్రమే. కానీ పేరుకి కావలసింది అలాంటి మనిషే కదా.

ఇదే రాజు వల్ల ఇంకో గందరగోళం మొదలైంది, అది ఇప్పటికీ తీరలేదు. అతని గోతిక్ పేరు 'థియుదరైక్స్' లాంటిది. లాటిన్‌లో రాసేవాళ్ళకి అది వింతగా తోచి, తమకి తెలిసిన గ్రీకు పేరు 'థియోడోరస్' పోలికలో 'థియోడెరికస్' అని మలిచేశారు. థియోడోరస్ అంటే దేవుడిచ్చినవాడు, మన దేవదత్తుడు. దానికీ దీనికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. కానీ రాతలో ఒకలా కనిపించడం మొదలయ్యాక జనం కలిపేశారు, చర్చి వాళ్ళు మరీ కలిపేశారు. దాని ఫలితం ఎక్కడ తేలిందో తర్వాత చూద్దాం.

డీడరిక్ అంత పేరు డిర్క్ ఎలా అయింది? ఇది పిచ్చి కుదింపేం కాదు, డచ్ భాషకి ఉన్న ఓ అలవాటు. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న 'డ' ధ్వని డచ్చిలో కరిగిపోతూ ఉంటుంది. సోదరుడికి పాత మాట 'బ్రూడర్', రోజూ మాట్లాడుకునేటప్పుడు 'బ్రూర్'. వాతావరణం 'వేడర్', అది 'వేర్' అయింది. తోలు 'లేడర్', అది 'లేర్'. సరిగ్గా అలాగే డీడరిక్ మధ్యలో 'డ' పోయి డీరిక్, తర్వాత చివరి అచ్చు కూడా పోయి డీర్క్, రెండు హల్లుల ముందు దీర్ఘం నిలవక డిర్క్. తూర్పున ఖ్రోనింగెన్, డ్రెంతె వైపు ఇదే డెర్క్ అయింది. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో డుర్క్. బెల్జియం వైపు డీరిక్ అనే పాత రూపం ఎక్కువ కాలం నిలిచింది. చిత్రకారుడు బౌట్స్ పేరు చూడండి, హార్లెమ్‌లో పుట్టి ల్యూవెన్‌లో స్థిరపడి 1475లో చనిపోయాడు, అతన్ని కొన్ని పుస్తకాలు డిర్క్ అంటాయి, కొన్ని డీరిక్ అంటాయి. మనిషి ఒకడే.

ఇక ప్రభువుల సంగతి. డిర్క్ పేరుకి నెదర్లాండ్స్‌లో అసలు బలం అక్కడే ఉంది.

922లో పశ్చిమ ఫ్రాంక్‌ల రాజు చార్లెస్, చరిత్రలో 'అమాయకపు చార్లెస్' అని పేరు పడ్డవాడు, ఉత్తర సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య ఉన్న ఎగ్మాంట్ అనే చోట చర్చినీ దానికి చెందిన భూముల్నీ డిర్క్ అనే ఓ స్థానిక నాయకుడికి రాసిచ్చాడు. అప్పటికి ఆ ప్రాంతాన్ని హాలండ్ అనేవాళ్ళు కాదు. బురద, నీళ్ళు, మొక్కలు కుళ్ళి పేరుకున్న పీట్ నేల, వైకింగ్ సముద్రపు దొంగల భయం. అక్కడి నుంచి మొదలుపెట్టి ఆ వంశం వాళ్ళు దాదాపు మూడు వందల ఏళ్ళు ఆ చోటుని పట్టుకుని పెంచారు, మధ్యలో డిర్క్ అనే పేరుతో ఏడుగురు కౌంట్‌లు, అంటే సంస్థానపు ప్రభువులు, వచ్చారు. రెండో డిర్క్, అతని భార్య హిల్డెగార్డ్ కలిసి ఎగ్మాంట్ మఠానికి ఓ సువార్తల గ్రంథం ఇచ్చారు, సుమారు 975లో. అందులో ఆ దంపతుల బొమ్మలు కూడా గీయించారు. ఆ పుస్తకం ఇప్పుడు హేగ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది, డిర్క్ అనే పేరున్న మనిషి బొమ్మల్లో ఇంతకన్నా పాతది చూపించడం కష్టం.

మూడో డిర్క్ వీళ్ళందరిలోకీ గట్టివాడు, కొంచెం దొంగ కూడా. రైన్, మాస్ నదుల నీళ్ళు సముద్రంలో కలిసే దారిలో వ్లార్డింగెన్ దగ్గర కోట కట్టి, ఇంగ్లండ్ వైపు పోయే వర్తకుల పడవల్ని ఆపి సుంకం వసూలు చెయ్యడం మొదలుపెట్టాడు. ఎవరి అనుమతీ లేదు. టీల్ పట్నం వర్తకులు పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో హెన్రీ దగ్గర మొరపెట్టుకున్నారు, ఉట్రెక్ట్ బిషప్‌కి కూడా తన భూములు ఆక్రమించాడని కోపం. చక్రవర్తి సైన్యం పంపాడు. 1018 జులై 29న ఆ సైన్యం పడవల్లో వచ్చి దిగింది, అలవాటు లేని చిత్తడి నేల, కాలవలు, అంతలో ఎవడో 'పారిపోండి, పారిపోండి' అని అరిచాడు, సైన్యం చెల్లాచెదరైంది. నీళ్ళలో మునిగిపోయినవాళ్ళే చాలామంది. సేనాపతిగా వచ్చిన డ్యూక్ గాడ్‌ఫ్రీ డిర్క్ చేతికి చిక్కాడు. అంతా అయ్యాక సుంకం వసూలు యథాప్రకారం సాగింది. హాలండ్ తన కాళ్ళ మీద తను నిలబడటం ఈ గొడవతో మొదలైందని చెప్పే చరిత్రకారులు ఉన్నారు. పేరులో మాత్రం 'ప్రజల పాలకుడు', పనిలో టోల్‌గేట్ కాంట్రాక్టరు. ఇతనే తర్వాత జెరూసలెం యాత్ర కూడా చేసొచ్చాడు, బహుశా లెక్కలు సరిచేసుకోవడానికి.

ఈ వంశంలో పేర్లు ఎలా నడిచాయో చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. మూడో డిర్క్ కొడుకులు నాలుగో డిర్క్, మొదటి ఫ్లోరిస్. నాలుగో డిర్క్ 1049లో చంపబడ్డాడు, తమ్ముడు ఫ్లోరిస్ ఏలాడు. ఆ ఫ్లోరిస్ కొడుకు ఐదో డిర్క్. అతని కొడుకు రెండో ఫ్లోరిస్. అతని కొడుకు ఆరో డిర్క్. అతని కొడుకు మూడో ఫ్లోరిస్, మూడో క్రూసేడుకి, అంటే క్రైస్తవుల మతయుద్ధానికి, వెళ్ళి 1190లో అంటియోక్‌లో చనిపోయాడు. అతని కొడుకు ఏడో డిర్క్. డిర్క్, ఫ్లోరిస్, డిర్క్, ఫ్లోరిస్, డిర్క్. వరసగా ప్రతి మనవడికీ తాత పేరు. మన దగ్గర సుబ్బారావు కొడుకు వెంకటేశ్వర్లు, అతని కొడుకు మళ్ళీ సుబ్బారావు అని నడిచే ఇళ్ళు ఎన్ని లేవు, అచ్చం అదే. అప్పటికి పాత పద్ధతి, అంటే ముక్కలు మార్చి కొత్త పేరు కట్టే పద్ధతి, పోయింది. దాని బదులు మొత్తం పేరునే అలాగే ఎత్తి తర్వాతి తరానికి ఇవ్వడం వచ్చింది. ఆ క్షణం నుంచి పేరులో ముక్కల అర్థం ఎవరికీ పట్టలేదు. ఐదో డిర్క్ పేరుకి అర్థం 'ప్రజల పాలకుడు' కాదు, 'మూడో డిర్క్ మనవడు'.

1203లో ఏడో డిర్క్ మగసంతానం లేకుండా పోయాడు. కూతురు ఆదాకి తండ్రి శవం ఇంకా పూడ్చకముందే హడావుడిగా పెళ్ళి చేశారు, రాజ్యం చిన్నాన్న విల్లెమ్ చేతికి పోకుండా. అయినా చివరికి అతని చేతికే పోయింది. ఆ తర్వాత హాలండ్‌కి డిర్క్ అనే కౌంట్ మళ్ళీ రాలేదు. ఒక చిన్న విషయం చెప్పాలి: ఆ కాలపు లాటిన్ దస్తావేజుల్లో వీళ్ళందరూ 'థియోడెరికస్'లే. ఇప్పటి డచ్ చరిత్ర పుస్తకాలు మాత్రం ముద్దుపేరుతో మొదటి డిర్క్, రెండో డిర్క్ అనే పిలుస్తాయి.

హాలండ్ అనే మాట ఆ కౌంట్‌ల బిరుదులో 1101 ప్రాంతంలో కనిపిస్తుంది, రెండో ఫ్లోరిస్ కాలంలో. 'హోల్ట్ లాండ్', చెట్లున్న నేల. ఆ మాట అయిదు వందల ఏళ్ళ తర్వాత ఓడలెక్కి కృష్ణా జిల్లా తీరానికి వచ్చింది. డచ్ ఈస్టిండియా కంపెనీ పదిహేడో శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తక కేంద్రం తెరిచింది, తర్వాత పాలకొల్లు, భీమునిపట్నం లాంటి చోట్లా. తెలుగు నోట్లో హాలండ్ వాళ్ళు వలందులు అయ్యారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. వలందపాలెం వెళ్ళే ఆటోలో కూర్చున్నవాళ్ళకి దీని వెనక ఇసుక దిబ్బల మధ్య ఓ డిర్క్ కుటుంబం ఉందని తెలియాల్సిన పని లేదు, కానీ ఉంది.

కౌంట్‌ల వంశంలో ఆగిపోయినా పేరు జనంలోకి అప్పటికే దిగిపోయింది. పదహారు, పదిహేడో శతాబ్దాల హాలండ్‌లో డిర్క్ మామూలు పేరు. చాలామందికి ఇంటిపేరు లేదు, తండ్రి పేరే గుర్తు. డిర్క్ కొడుకు పీటర్ అయితే పీటర్ డిర్క్‌జోన్. రాసేటప్పుడు 'జోన్' అంతా రాసే ఓపిక లేక ఒక్క అక్షరంతో సరిపెట్టి చుక్క పెట్టేవాళ్ళు. 1595లో డచ్చివాళ్ళు మొదటిసారి తూర్పు దీవులకి ఓడలు నడిపినప్పుడు ప్రధాన నావికుడు పీటర్ డిర్క్‌జోన్ కేజర్. దక్షిణార్ధగోళంలో కనిపించే నక్షత్రాలని లెక్కగట్టి రాసుకున్నాడు, వాటి ఆధారంగా పన్నెండు కొత్త నక్షత్ర మండలాలు వచ్చాయి, అతను మాత్రం 1596లో ఆ ప్రయాణంలోనే చనిపోయాడు.

ఇంకో నావికుడు డిర్క్ హార్టోగ్. దారి తప్పాడో, గాలి తోసిందో, 1616 అక్టోబర్ 25న అతని ఓడ ఎన్‌డ్రాఖ్ట్ ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఓ దీవికి చేరింది. అక్కడ తగరం పళ్ళెం ఒకటి సాగగొట్టి దాని మీద తేదీ, ఓడ పేరు, పెద్ద ఉద్యోగుల పేర్లు చెక్కి స్తంభానికి కొట్టి పోయారు. 1697లో విల్లెమ్ డి వ్లామింగ్ అక్కడికి వెళ్ళి పాతది తీసుకుని, దాని మీది మాటలు కొత్త పళ్ళెం మీద ఎక్కించి అక్కడ పెట్టాడు. పాతది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఆ పళ్ళెం మీద చూస్తే ప్రధాన వర్తకుడి పేరు ముందు, ఓడ నడిపిన డిర్క్ పేరు తర్వాత. ఇంటిపేరు స్పెల్లింగ్ కూడా ఇప్పుడు మనం రాసేలా లేదు, 'హాటిఖ్స్' అని ఉంది. కంపెనీలో వర్తకుడే పెద్ద, ఓడ నడిపేవాడు తర్వాతే. కాలం మాత్రం వర్తకుణ్ణి మరిచిపోయి దీవికి డిర్క్ హార్టోగ్ పేరు ఉంచింది.

మన దేశానికి వచ్చిన డిర్క్‌లలో పెద్దవాడు డిర్క్ వాన్ ఆడ్రిఖెమ్, సూరత్‌లో కంపెనీ అధిపతి. 1662లో ఢిల్లీ వెళ్ళి ఔరంగజేబుని కలిసి వర్తకానికి ఫర్మానా తెచ్చుకున్నాడు.

వీళ్ళందరికన్నా ఎక్కువ మంది గుర్తుపెట్టుకున్న డిర్క్ ఒక పేదవాడు. డిర్క్ విల్లెమ్స్, అంటే విల్లెమ్ కొడుకు డిర్క్. ఆస్పెరెన్ అనే చిన్న ఊరివాడు. పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మం తీసుకునే అనాబాప్టిస్టుల్లో చేరాడు, అప్పట్లో అది నేరం. జైల్లోంచి గుడ్డలతో తాడు పేని దిగి పారిపోయాడు, కాపలావాడు వెంటపడ్డాడు. దారిలో గడ్డకట్టిన నీళ్ళు. జైలు తిండితో చిక్కి ఉన్న డిర్క్ మంచు మీద నుంచి దాటేశాడు, వెనకవాడు బరువుకి మంచు పగిలి నీళ్ళలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి అతన్ని పైకి లాగాడు. లాగినందుకు దొరికిపోయాడు, 1569 మే 16న అతన్ని బతికుండగానే తగలబెట్టారు. అమెరికాలో అనాబాప్టిస్టుల వారసులైన మెన్నొనైట్, ఆమిష్ ఇళ్ళలో ఆ మంచు మీద చెయ్యి చాపే బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంది. 'ప్రజల పాలకుడు' అనే అర్థానికి ఇంత దూరం వచ్చేసింది పేరు.

తండ్రి పేరుతో పిలుచుకోవడం నెపోలియన్ వచ్చాక మెల్లగా ఆగిపోయింది. 1811లో, నెదర్లాండ్స్ ఫ్రాన్సులో కలిసిపోయి ఉన్నప్పుడు, అందరూ స్థిరమైన ఇంటిపేరు నమోదు చేసుకోవాలని ఆజ్ఞ వేశాడు. కొందరు ఊరి పేరు పెట్టుకున్నారు, కొందరు వృత్తి పేరు, చాలామంది అప్పటికి ఉన్న తండ్రి పేరునే గట్టిపరుచుకున్నారు. డిర్క్స్, డిర్క్‌సెన్, డెర్క్స్, డెర్క్‌సెన్ అనే ఇంటిపేర్లన్నీ అలా నిలిచినవే. బెల్జియంలో డిర్క్స్‌నే రకరకాలుగా రాస్తారు.

వంశవృక్షాలు వెతికేవాళ్ళకి తలనొప్పి తెచ్చేది మాత్రం ఇంటిపేరు కాదు, చర్చి రిజిస్టరు. కాథలిక్ ప్రాంతాల్లో బాప్తిస్మం లాటిన్‌లో రాయాలి. డిర్క్‌ని లాటిన్‌లో ఏమనాలి? సరైనది థియోడెరికస్. కానీ పాదిరీలకి బాగా తెలిసిన సాధువు థియోడోరస్. ఆ రెంటినీ కలిపేసిన పాత గందరగోళం ఇక్కడ అక్కరకొచ్చింది, చాలామంది డిర్క్‌లు రిజిస్టర్లో థియోడోరస్‌లయ్యారు. ఇంట్లో డిర్క్, కాగితంలో థియోడోరస్. కాగితం పేరుని బట్టి కొందరిని థియో, డోరస్ అని కూడా పిలిచారు. ఒకే ఇంట్లో తాత డిర్క్, మనవడు థియో, ఇద్దరూ ఒకే పేరువాళ్ళు. డచ్చిలో బాప్తిస్మపు పేరు వేరు, పిలిచే పేరు వేరు అన్నది నేటికీ మామూలే, ఆఫీసు ఫారాల్లో కూడా రెండు గడులు ఉంటాయి. ఫుట్‌బాల్ కోచ్ డిక్ అడ్వొకాట్ అసలు పేరు డిర్క్ నికోలాస్. డచ్చిలో డిక్ అంటే తరచుగా డిర్క్‌కి ముద్దుపేరు, ఇంగ్లీషులో డిక్ అంటే రిచర్డ్. చూడ్డానికి ఒకటే, దారులు వేరు.

ఇదే పేరు పక్క దేశాల్లో ఏ వేషాల్లో ఉందో చెప్పుకుంటే పెద్ద జాబితా అవుతుంది. ఫ్రెంచి తియెరీ ఇదే. జర్మన్ డీట్రిచ్ ఇదే, డీటర్‌ది కూడా ఈ కుటుంబమే. వేల్స్‌లోని 'టుడుర్' కెల్టిక్ వైపు నుంచి అవే రెండు ముక్కలతో కట్టిన పేరు, ఇంగ్లండ్‌ని ఏలిన ట్యూడర్ వంశం పేరు దాన్నుంచే. ఇంగ్లీషు డెరెక్ మాత్రం నేరుగా డచ్ దిగుమతి, పదిహేనో శతాబ్దపు వర్తకులతో దాటింది. ఆ డెరెక్ గతి విచిత్రం. 1600 ప్రాంతంలో లండన్ టైబర్న్‌లో ఉరితీసే తలారి ఇంటిపేరు డెరిక్. అతని పేరు ముందు ఉరికొయ్యకి పట్టింది, తర్వాత బరువులెత్తే క్రేన్‌కి, ఆఖరికి చమురు బావి మీద నిలబెట్టే ఇనప గోపురానికి. నర్సాపురం, కోనసీమ వైపు గ్యాస్ బావులు తవ్వేచోట ఎత్తుగా కనపడే ఆ కట్టడం డెరిక్. పాలకొల్లులో వలందుల కొఠీ ఎప్పుడో ఖాళీ అయిపోయింది, ఈ రకంగా మాత్రం డీడరిక్ అక్కడే తిరుగుతున్నాడు.

స్కాట్లండ్‌లో డర్క్ అనే బాకు ఉంది కాబట్టి ఈ పేరుకి బాకు అని అర్థమని రాసేవాళ్ళూ ఉన్నారు. దాన్ని పక్కన పెట్టెయ్యొచ్చు. ఆ బాకు మాట పుట్టుక తేలలేదు, పేరు అంతకన్నా ఎన్నో వందల ఏళ్ళు పాతది. జర్మన్‌లో డీట్రిచ్ అంటే తాళాలు దొంగతనంగా తీసే కొక్కెం కూడా, అలాగని ఎవరూ కొడుక్కి ఆ ఉద్దేశంతో పేరు పెట్టరు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పేరు ఎంత మామూలుగా ఉండేదో చెప్పడానికి ఎవర్ని తీసుకున్నా సరిపోతుంది. భౌతికశాస్త్రవేత్త డిర్క్ కోస్టర్, 1923లో హెవెసీతో కలిసి కోపెన్‌హాగన్‌లో హాఫ్నియం మూలకాన్ని కనిపెట్టాడు. 1938 జులైలో భౌతికశాస్త్రవేత్త లీసె మైట్నర్‌ని నాజీ జర్మనీ నుంచి రైల్లో తనతో సరిహద్దు దాటించి ఖ్రోనింగెన్ చేర్చింది అతనే. డిర్క్ స్టికర్ 1961 నుంచి 1964 దాకా నాటో ప్రధాన కార్యదర్శి. బెల్జియం ఫ్లాండర్స్‌లో ఆ శతాబ్దం మధ్యలో ఈ పేరు వెల్లువలా వచ్చింది, అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి బెల్జియన్ కూడా డిర్కే, డిర్క్ ఫ్రిమౌట్, 1992లో అట్లాంటిస్ షటిల్‌లో. ఫుట్‌బాలర్ డిర్క్ కౌట్, కాట్వైక్ అనే చేపలవాళ్ళ ఊరివాడు, 2017లో ఫెయెనూర్డ్ క్లబ్బుకి లీగ్ టైటిల్ తెచ్చిన చివరి మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ వాన్ డెన్ బ్రూక్ అనే పాలవ్యాపారి 1942లో పెట్టిన కొట్టు పెరిగి పెరిగి సూపర్‌మార్కెట్ల గొలుసు అయింది, ఇప్పుడు బోర్డు మీద ఇంటిపేరు కూడా తీసేసి ఉత్త 'డిర్క్' అని రాస్తారు. ఏడుగురు కౌంట్‌లు ఏలిన నేల మీద ఈ పేరు వినగానే డచ్చివాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఉల్లిపాయల ధర.

మరోవైపు పూర్తి రూపం డీడరిక్‌కి వేరే బతుకు దొరికింది. అది కుదించకుండా పెట్టుకునే ఇళ్ళు చదువుకున్నవి, ఉన్నవి, అన్న భావం డచ్ సమాజంలో ఉంది. డిర్క్ అంటే రేవులో పనిచేసే మనిషి, డీడరిక్ అంటే యూనివర్సిటీ మనిషి, అన్నట్టు. రాజకీయ నాయకుడు డీడరిక్ సామ్సోమ్ దానికి ఓ ఉదాహరణ. డేటా కల్పించి 2011లో దొరికిపోయిన సైకాలజీ ప్రొఫెసర్ డీడరిక్ స్టాపెల్ ఇంకో ఉదాహరణ. ఒకే పేరు, పొడుగుని బట్టి వర్గం. ఈ విషయంలో పేర్ల పుస్తకాలు మౌనంగా ఉంటాయి, 'ప్రజల పాలకుడు' అనే అర్థం మాత్రం రెండింటికీ ఒకేలా అచ్చేస్తాయి.

ఇప్పుడు పుట్టే పిల్లల్లో డిర్క్‌లు తక్కువ. నెదర్లాండ్స్‌లో తాత పేరు తప్పనిసరిగా పెట్టాలన్న ఒత్తిడి 1960ల తర్వాత సడలింది, తల్లిదండ్రులు చెవికి నచ్చిన పొట్టి పేర్లు, పక్క దేశాల పేర్లు వెతుక్కుంటున్నారు. పేరుని నిలబెట్టిందే తాత కాబట్టి, తాత పట్టు సడలగానే పేరూ వెనకబడింది, ఇందులో ఆశ్చర్యం లేదు. పూర్తిగా పోయిందని కాదు. డచ్ పిల్లలకి రెండు మూడు పేర్లు పెట్టడం మామూలు, పిలిచేది ఒకటి, మిగతావి పెద్దవాళ్ళవి. అలా డిర్క్ చాలా ఇళ్ళలో రెండో పేరుగానో మూడో పేరుగానో పాస్‌పోర్టులో ఉంటుంది, ఎవరూ బయటికి పిలవరు.

పాత డచ్ రికార్డుల్లో ఎవరికోసమైనా వెతికే పని పడితే ఒక్క డిర్క్ అని వెతికితే సరిపోదు. డీడరిక్, డీరిక్, డెర్క్, డుర్క్, థియోడెరికస్, థియోడోరస్, ఇవన్నీ చూడాలి, ఆడవాళ్ళయితే డిర్క్యె, డీడరికా కూడా. అదే ఊళ్ళో అదే ఏడాది తాత, మనవడు, మేనత్త కొడుకు, ముగ్గురూ ఒకే పేరుతో కనిపించినా కంగారు పడక్కర్లేదు, చాలాసార్లు ముగ్గురికీ మూలం ఒకే ముసలాయన.